పత్తికట్టె దడి

“ఆఫీసరుగారు గుడివాడ క్యాంపులో ఉన్నారోయ్. పదకొండింటి బండికి దిగుతారు. అందాకా అలా కూర్చో,” అని గుమాస్తా సూర్యప్రకాశరావు వరండాలో బెంచీ చూపించి లోపలికి వెళ్ళిపోయాడు. లోపల గోడగడియారం పది కొట్టింది. అంటే గంట. ఫీల్డుమాన్‌గా చేరిన ఈ పదిహేడేళ్ళలో యేసుదాసు బందరు ఆఫీసు బెంచీ మీద ఎన్ని గంటలు కూర్చున్నాడో ఆ బెంచీకే తెలియాలి, కానీ ఇంత పొడుగు గంట ఏనాడూ ఎదురుపడలేదు. ఒళ్ళో చేతిసంచీ. సంచీలో తడిగుడ్డ చుట్టిన పత్తికొమ్మలు రెండు, వాటి పక్కన నాలుగు పేజీల రిపోర్టు. రిపోర్టులో అన్ని గళ్ళూ నింపాడు. ఏ రకం విత్తనం, ఏ తేదీన నాటారు, ఏ తేదీన వాన, నూటికి ఎన్ని మొక్కలు పోయాయి, అన్నీ. ఒక్క గడి మాత్రం ఖాళీ. ‘తెగులు రావడానికి కారణం.’ అందులో అందరూ రాసేది రెండే మాటలు, ‘రైతు అశ్రద్ధ’ అని. ఆ రెండు మాటలూ రాస్తే దివిసీమలో కృష్ణ ఒడ్డున కృపావతి అనే విధవరాలు సాగుచేసుకుంటున్న ఎకరన్నర ఇసుకమెరక ఆమె చేతిలోంచి పోతుంది. పత్తి పండించి చూపించమని శాఖవారు ఆమెకిచ్చిన బంజరు అది. చెప్పినట్టు చెయ్యకపోతే వెనక్కి తీసుకుంటామని కాగితంలోనే ఉంది. ఆ మాటలు రాయకపోతే అసలు కారణం రాయాలి. ఆ అసలు కారణమే ఇదిగో, ఒళ్ళో సంచీ పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

అదేం మాట, అని తనని తనే కసురుకున్నాడు. తానొక్కడేనా కారణం? వాన కాదా? నాలుగు రోజులు ఊపిరాడకుండా వీచిన తూర్పుగాలి కాదా? గాలి మీద కేసు పెట్టే గడి రిపోర్టులో లేదు గనక మనుషుల్ని వెతుకుతారు గానీ. లోపల టైపుమిషను మొదలైంది. టకటకా, టకటకా, ఆగి మళ్ళీ టకటకా. వరండా ముందు ఎవరిదో ఆవు గోడకి ఒళ్ళు రుద్దుకుంటోంది. సముద్రం మీంచి వచ్చే గాలికి చొక్కా కాలరు మెడకి అంటుకుపోతోంది. టకటకా. చేటలో పత్తిగింజలు పోస్తే అచ్చం ఇలాగే ఉంటుంది చప్పుడు, నూగు పోయిన గింజలైతేనే సుమా, నూగున్న గింజ చప్పుడు చెయ్యదు, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా పడుతుంది. ఆ నూగులోనే ఉంటుంది దొంగ. నల్లమచ్చ తెగులు. కంటికి కనపడనంత చిన్న పురుగు, పురుగని కూడా అనకూడదట, బ్యాక్టీరియా అంటారట, ట్రైనింగులో చెప్పారు. తాతలనాటి నుంచీ రైతులు గింజని పేడలోనూ బూడిదలోనూ రుద్ది నాటుతారు. నూగు అణుగుతుంది గానీ లోపలివాడు చావడు. అందుకే యేసుదాసు పోయినేడు జాడీలో గింజలు పోసి, గంధకామ్లం పోసి, కర్రతో తిప్పి తిప్పి, నూగంతా కాలి గింజ నల్లగా నిగనిగలాడేదాకా ఉంచి, కాలవ నీళ్ళలో ఏడుసార్లు కడిగి, తేలిన తాలంతా పారబోసి, మునిగినవాటికి మందుపొడి పట్టించి ఇచ్చాడు. ఊరంతా వచ్చి చూసింది. “విత్తనాలకి గుండ్లు కొట్టించే మహానుభావుడొచ్చాడ్రోయ్!” అన్నాడు గంగరాజు, కృపావతి చేనుకి పడమటి పొరుగు రైతు, నాలుగెకరాల ఆసామి. అందరూ నవ్వారు. కృపావతి మాత్రం నవ్వలేదు. ముందుకి వంగి జాడీలోకి చూసి, “గింజకి నొప్పెట్టదాండీ?” అని అడిగింది. అప్పుడు నవ్వింది యేసుదాసే. నవ్వాక తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. పాత కోటు తీసి తొడుక్కుంటే జేబులో ఏదో చేతికి తగిలినట్టు, ఇది ఇంకా ఇక్కడే ఉందా అనిపించింది.

ఉండకేం. భార్య ఎలీసబెతు ఉన్నప్పుడు రోజూ నవ్వేవాడు. మొవ్వలో పెళ్ళయిన కొత్తలో చిలకలపూడి గిల్టు గొలుసొకటి కొనిపెడితే, ఎండకీ చెమటకీ దానికి నలుపెక్కితే, చింతపండుతో తోమి తోమి మళ్ళీ మెళ్ళో వేసుకుని, “ఇదిగో, మళ్ళీ బంగారమయింది చూడు” అనేది. టైఫాయిడు జ్వరం ఇరవై రోజులు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళూ చల్లపల్లిలో ఒక గది, ఒక కుంపటి, ఒక గిన్నె. పొద్దున ఒకసారి వండితే రాత్రికీ అదే. కంచం ముందు కూర్చుంటే ఎదురుగా గోడ. గోడ మీద శాఖవారి క్యాలెండరు, అందులో చేతిలో వరికంకి పట్టుకుని నవ్వే బొమ్మ. ఆదివారం గుళ్ళో వెనక బల్ల. పాట పాడేటప్పుడు చుట్టూ అంతమంది గొంతులు కలుస్తాయి, ఆమెన్ అనగానే ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోతారు. “ఏం యేసుదాసుగారూ, బావున్నారా?” అని అడగనివాళ్ళు లేరు, ఆగి జవాబు వినేవాళ్ళూ లేరు. ఊరూరా తిరిగే ఉద్యోగం గనక రోజుకి వందమందితో మాట్లాడతాడు. ఎరువు గురించి, ఎలకల గురించి, కాలవ నీళ్ళ గురించి. మనిషి గురించి మాట్లాడటం ఎప్పుడు మర్చిపోయాడో గుర్తులేదు. ఒంటరితనానికి మందేమిటో ట్రైనింగులో చెప్పలేదు. పైగా అది నూగులో కాదు, గింజలోపలే ఉంటుంది, ఎంత కడిగినా పోదు.

గడియారం ఒక గంట మోగించింది. పదిన్నర. సూర్యప్రకాశరావు గుమ్మంలోకి వచ్చి నశ్యం పీల్చి, “ఏమిటోయ్, అలా ఉన్నావ్? ఒంట్లో బావులేదా?” అన్నాడు. “బానే ఉందండి,” అన్నాడు యేసుదాసు. ఆయన సరే అని లోపలికి పోయాడు. ఇంకేమంటాడు, పాపం. అయ్యా, నేనొక ఆడకూతురి భూమి తీసెయ్యడానికి వచ్చానండి, అంటే నశ్యం పొలమారిపోదూ.

ఆ రోజు కూడా ఇంతే ఎండ. కాదు, ఇంకా ఎక్కువ. ఈస్టరు వెళ్ళిన మంగళవారం. పత్తి ఏరడం అయిపోయింది, ఒక్క మచ్చ లేకుండా తెల్లగా పండింది, అటు గంగరాజు చేను, ఇటు కృపావతి చేను. ఇక మిగిలిన పని ఒక్కటే. మోళ్ళు పీకి, కట్టె అంతా చేలోనే పోగేసి, కళ్ళముందు తగలబెట్టించాలి. ఎండిన కట్టెలో, రాలిన ఆకులో తెగులు మరుసటేటిదాకా బతికే ఉంటుంది. గింజకి ఎంత స్నానం చేయించినా పక్కన పాతకట్టె ఉంచుకుంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. గంగరాజు గొణుక్కుంటూనే తగలబెట్టాడు. పొగ రేవుదాకా వెళ్ళింది. తర్వాత యేసుదాసు అగ్గిపెట్టె పట్టుకుని కృపావతి చేనికి వచ్చాడు. చేలో మోడన్నది లేదు. కట్టె అంతా గుడిసె పక్కన మోపులుగా కట్టి, చివళ్ళు సమానంగా తట్టి, పేర్చి ఉంది. “కాల్చాలమ్మా,” అన్నాడు. “తెలుసండి. కాలుద్దురుగాని, ముందు కాళ్ళు కడుక్కోండి. మీరు తింటేగానీ తాను తిననని మా అత్త కూకునుంది,” అంది. అత్త జ్ఞానమ్మకి చూపు సరిగా ఆనదు. అరుగు మీంచి చెయ్యి చాపి, “రా నాయనా, ఇటు కూచో, నీడగా ఉంటది,” అంది. ఒద్దనడానికి మాట వెతుక్కున్నాడు. దొరకలేదు. దొరకాలని గట్టిగా వెతికాడా అంటే, అదీ లేదు.

పొయ్యిలో పత్తికట్టె మండుతోంది. పిడకలాగా పొగ కక్కదు. తేటగా మండుతుంది. ఆ మంట వెనకాల ఆమె మొహం. ఉడుకుతున్న కొత్త ఎసరు వాసన, రొయ్యపొట్టు వేపిన వాసన, మట్టగిడస చేపల పులుసు. విస్తరి పరిచి వడ్డించింది. వేడిగా ఉంది అన్నం. వేడి అన్నం మీద వేడి పులుసు పడితే లేచే ఆవిరి మొహానికి తగిలి కళ్ళు చెమర్చాయి. కారమనుకుంటారులే అనుకున్నాడు. సగం తిన్నాక ఆమె గరిటె పట్టుకుని వచ్చి, “ఇంకొంచెం వెయ్యనాండీ?” అంది. ఆ మాట తొమ్మిదేళ్ళలో అతన్ని ఎవరూ అడగలేదు. ఒంటిమనిషిని ఎవరడుగుతారు, కుంపటి అడుగుతుందా? “వెయ్యమ్మా,” అన్నాడు. మారు వడ్డించింది. ఎక్కువేసింది. అంతా తిన్నాడు. చేతులు కడుక్కున్నాక ఆమె దూరంగా గుంజకి ఆనుకుని నిలబడి, “ఒక్క మాటండీ. వానాకాలం మాకు పిడక తడిసిపోద్దండి. ఈ కట్టె కూడా కాల్చేత్తే పొయ్యిలోకి నా చేతులే పెట్టుకోవాల,” అంది నవ్వుతూ. నవ్వుతూనే అంది గానీ చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. “రెండు మోపులు ఉంచుకోండి,” అన్నాడు యేసుదాసు. “పొయ్యిలోకే సుమా. మళ్ళీ విత్తనం నాటేలోపు తగలేసెయ్యాలి.” అగ్గిపెట్టె జేబులోంచి బయటికే రాలేదు. రెండన్నాడు గానీ వెళ్ళేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే తొమ్మిదో పదో ఉన్నాయి. చూశాడు. చూసి ముందుకి నడిచాడు. రిపోర్టులో ‘కట్టె అంతయు కాల్చబడినది’ అని రాశాడు. ఆ రోజు నడుస్తూ నడుస్తూ పాట కూడా పాడుకున్నాడు, సిగ్గులేకపోతే సరి.

అక్కడితో అయిపోయినా బాగుండేది. ఈ ఏడు భాద్రపదంలో గంగరాజు మేకలు వచ్చి ఆమె లేత మొక్కల్ని కొరికేశాయి. ఆమె అడగలేదు, ఏడవలేదు, మిగిలిన కట్టెంతా తీసి పడమటి గట్టు పొడుగునా పాతి, తాటినారతో అల్లి నడుమెత్తు దడి కట్టింది. యేసుదాసు వెళ్ళేసరికి దడి పక్కనే నిలబడి ఉంది, అరచేతులు గీరుకుపోయి. “ఎలా ఉందండీ నా దడి? నేనే కట్టాను,” అంది. పోయినేటి కట్టె. వాన పడితే ఆ కట్టె మీద నీళ్ళు చిట్లి లేత ఆకుల మీద పడతాయి. ఆ మాట అతనికి ఎంత బాగా తెలుసంటే, ఊళ్ళో పిల్లలకి కూడా బొమ్మ గీసి చెప్పాడు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె అడిగింది తెగులు గురించి కాదు, ఎలా ఉందని. “బాగుందమ్మా,” అన్నాడు. బాగానే ఉంది మరి, వంకర లేకుండా. దాని మీద చెయ్యి ఆనించి పావుగంట మాట్లాడాడు. పావుగంటలో మూడుసార్లు చెప్పొచ్చు, పీకెయ్యండి అని. చెబితే మొహం చిన్నబుచ్చుకుంటుందని, ఇక రావద్దంటుందేమోనని, ఇంత వయసొచ్చి, గవర్నమెంటు ఉద్యోగం చేస్తూ, ఒక మాట నోట్లో పెట్టుకుని మింగేశాడు.

ఆశ్వయుజంలో పట్టింది వాన. నాలుగు రోజులు. తెరిపిచ్చాక పరిగెత్తుకు వెళ్ళాడు. చేను చదవడం వచ్చినవాడికి చేను అబద్ధం చెప్పదు. దడి పక్క వరసలో ఆకు అడుగున నీరు పట్టినట్టు మచ్చలు, ఈనెలు గీసిన గళ్ళల్లో కోణాలు కోణాలుగా. కొమ్మలు మసి పూసినట్టు నల్లబడి, ముట్టుకుంటే పుటుక్కున విరిగాయి. దడికి దూరం పోయేకొద్దీ మచ్చలు పలచన. అటు పక్క గాలివాటున గంగరాజు నాలుగెకరాల్లోకి చాలు చాలుగా పాకింది. మైలుతుత్తం, సున్నం కలిపి రెండు చేలకీ కొట్టించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. పిందెలు మచ్చలు పడి రాలిపోయాయి. గంగరాజు అర్జీ పెట్టాడు. “ఆడకూతురని ఇన్నాళ్ళూ ఊరుకున్నానండి. మీరు చెప్పింది చెయ్యనోళ్ళకి గవర్నమెంటు భూమెందుకండి? నాకిప్పించండి, నేను చేసుకుంటాను,” అన్నాడు యేసుదాసు మొహం మీదే. కృపావతి విరిగిన కొమ్మ చేత్తో పట్టుకుని నిలబడింది. అందరూ వెళ్ళాక మెల్లిగా అడిగింది, “నా దడి వల్లేనాండీ?” అని. అప్పుడైనా, నీ దడి వల్ల కాదు, దడి బాగుందన్న నా నోటి వల్ల అని చెప్పొచ్చు. “వాన ఎక్కువైందమ్మా,” అన్నాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. ఇంకేమీ అడక్కుండా, వంగి దడి కర్రలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

స్టేషను వైపు నుంచి రైలు కూత. ఇక పావుగంట, జట్కా వచ్చేదాకా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఊరుకో, అంది మనసు. మనసుకేం, ఏ పక్షమైనా వాదిస్తుంది, ప్లీడరు గుమాస్తా. నీకింకా పదమూడేళ్ళ సర్వీసుంది. ఉద్యోగం పోతే ఆ గది కూడా పోతుంది, పలకరించే ఆ వందమందీ పోతారు, మొవ్వ వెళ్ళి ఎవరి గుమ్మంలో నిలబడతావు? ఆమెకి అత్త ఉంది, ఊళ్ళో తనవాళ్ళున్నారు, రెక్కల కష్టం చేసుకుని బతగ్గలదు. నీకెవరున్నారు? నీ పక్కన ఒక్క మనిషైనా ఉన్నాడా ఈ భూమ్మీద? లేడు. అదే నిజం. మరి తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదా ఇది? కాదు, లెక్క కాదు, రెండే మాటలు, అందరూ రాసేవే. జేబులోంచి పెన్ను తీశాడు. సంచీని బల్లగా పెట్టుకుని ‘రైతు’ అని రాశాడు. కొంచెం ఆగాడు. ఆవు ఇంకా గోడకి రుద్దుకుంటూనే ఉంది. ‘అశ్రద్ధ’ అని రాశాడు. ఆరడానికి ఊదాడు. ఏమీ కాలేదు. ఆకాశం విరిగిపడలేదు. పదిహేడేళ్ళుగా రాస్తున్న దస్తూరీయే, ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

జట్కా దిగి ఆఫీసరు అనంతపద్మనాభంగారు గబగబా లోపలికి వెళ్ళారు. పిలుపొచ్చింది. యేసుదాసు వెళ్ళి రిపోర్టు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. ఆఫీసరుగారు కళ్ళజోడు తుడుచుకుని పేజీలు తిప్పి, ఆఖరి గడి దగ్గర ఆగి తలాడించారు. “ఊఁ. అనుకున్నదే. ఏమండీ సూర్యప్రకాశరావుగారూ, ఆ దివిసీమ ఉత్తరం ఏదీ? నిన్నటి టపాలో వచ్చిందన్నారు?” గుమాస్తా ట్రేలోంచి తీసి అందించాడు. యేసుదాసు గంటసేపు కూర్చున్న బెంచీకీ ఆ ట్రేకీ మధ్య ఒక్క గోడ. “ఆవిడే ఒప్పుకుందయ్యా. నీ పని తేలికైపోయింది. విను,” అని ఆఫీసరుగారు పైకి చదివారు. మిషను బడిలో అయిదో క్లాసు చదివిన మనిషి గ్రాంథికం అది.

“మహారాజశ్రీ వ్యవసాయపు ఆఫీసరుగారి సముఖమునకు కృపావతి వ్రాసుకొను విన్నపము. పత్తికట్టె కాల్చుమని ఫీల్డుమాన్ గారు మూడుమార్లు చెప్పినారు. నేనే వినక దాచి, వారు ఎరుగకుండ దడి కట్టుకొంటిని. వారి తప్పు లేదు. వారు ఏనాడును మా గుమ్మము ఎక్కినవారు కారు. మా యింట మంచినీళ్ళయినను పుచ్చుకొన్నవారు కారు. తప్పు నాది గనుక భూమి తీసికొనగలరు.”

“చూశావా, నిజాయితీ గల మనిషి,” అన్నారు ఆఫీసరుగారు ఉత్తరాన్ని రిపోర్టుకి గుండుసూదితో గుచ్చుతూ. “ఇదిగో, దీని కింద కూడా ఒక సంతకం పెట్టు. పై సంగతులు వాస్తవమే అని.”

యేసుదాసు పెన్ను అందుకున్నాడు. కాల్చమన్నాడట మూడుసార్లు. సరే. ఎరగడట. అదీ సరే, ఉద్యోగం నిలబెట్టడానికి రాసింది. కానీ మంచినీళ్ళు? ఆ మాట ఎందుకు రాసింది? గంగరాజు రేపు నాలుగు మాటలంటాడని, ఫీల్డుమాన్ ఆ ఇంట్లో భోంచేసి కట్టె వదిలేశాడంటాడని, ఆ దారి కూడా మూసేసింది. తన పక్కన ఈ భూమ్మీద ఒక్క మనిషీ లేడనుకుంటూ అతను ఆ రెండు మాటలూ రాసుకునేవేళకే ఆ మనిషి రాసేసిన ఉత్తరం గోడ అవతల ఉంది. అతన్ని కాపాడటానికి ఆ మధ్యాహ్నాన్నే తుడిచేసింది. ఇక్కడ సంతకం పెడితే ఆ అన్నం మీద ఆవిరి లేవలేదన్నట్టే. ఇంకొంచెం వెయ్యనా అని ఎవరూ అడగలేదు. తొమ్మిదేళ్ళలో ఆ ఒక్కపూట కూడా అతను చల్లపల్లిలో గోడకెదురుగానే కూర్చున్నాడు.

“తిన్నానండి,” అన్నాడు.

“ఏమిటి?”

“అన్నం తిన్నానండి వాళ్ళింట్లో. మారు వడ్డించుకుని తిన్నాను. తిని, కట్టె ఉంచుకోమన్నది నేనేనండి. దడి కట్టాక చూసి బాగుందన్నాను. ఆవిడ రాసింది ఒక్కటీ నిజం కాదండి. నేను పైన రాసిందీ నిజం కాదు.”

టైపుమిషను ఆగిపోయింది. ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి అతన్ని కింది నుంచి పైదాకా చూశారు. “ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఇది కాగితం మీద పడితే నీ ఉద్యోగం ఉండదు.”

“తెలుసండి.”

“ఆవిడే ఒప్పుకున్నాక నీకెందుకయ్యా ఈ గొడవ?”

యేసుదాసు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కళ్ళు మసకబారాయి. తుడుచుకోలేదు.

“ఆవిడ పెట్టిన అన్నం సార్. తినలేదని ఎలా సంతకం పెట్టనండీ?”